రేడియేటర్లో గుప్పెడు పసుపు

కూరలో పసుపు వేసే ప్రతిసారీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఇంట్లో ఎవరూ దాన్ని గమనించలేదు. గమనించినా, ఉప్పు వేశానో లేదో ఆలోచిస్తున్నాను కాబోలు అనుకుని ఉంటారు. కాదు. ఏళ్ళ తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. పొద్దున్న పసుపు డబ్బా మూత తీస్తే అది పైకి వచ్చేది. మూత పెట్టేస్తే కిందికి దిగేది. దిగేదే గానీ పోయేది కాదు.

నా పేరు చెప్పను. చోడవరంలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి నాది. నా నోరు పెద్దదని ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు తెలియని సంగతి లేదని నాకో పొగరు. జాకెట్టు కొలతల దగ్గర్నుంచి జ్వరానికి మందు దాకా ఎవరు ఏమడిగినా "నాకు తెలీదు" అన్నదాన్ని కాదు. జీవితంలో ఒక్కసారి మాత్రం అన్నాను. అనకూడని చోట అన్నాను. ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను. మీరు నన్నేమీ అనక్కర్లేదు, సమాధానపరచక్కర్లేదు. వింటే చాలు.

నా మరిది రమణ. మా ఆయనకి ఒక్కగానొక్క తమ్ముడు. మా ఆయనది గవర్నమెంటు ఉద్యోగం, ఇప్పుడు రిటైరయ్యారు. అప్పట్లో ఆయన ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. తెల్లటి కారు, పెద్దది, వెనకాల ఒక కుటుంబం సర్దుకుని కూర్చోవచ్చు. దాన్ని రమణ కిరాయికి తిప్పేవాడు. పెళ్ళిళ్ళకి, విశాఖపట్నం ఆస్పత్రులకి, పిల్లల్ని హాస్టళ్ళలో దింపడానికి. మేమంతా ఒకే వీధిలో ఉండేవాళ్ళం, ఇప్పటికీ ఉంటున్నాం. వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల.

రమణ బండిని ఎలా చూసుకునేవాడో మీకు చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసింది ఎంత తప్పో మీకు అర్థం కాదు.

ఉగాది వెళ్ళగానే అతనికి ఒక పండగ ఉండేది. చెరుకు బళ్ళు తిరిగినన్నాళ్ళూ రోడ్డు మీద లేచే దుమ్మూ, ఎండుటాకు పొడీ, పురుగులూ అన్నీ వెళ్ళి రేడియేటర్ ముందు జల్లెడలా ఉండే రేకుల్లో ఇరుక్కుంటాయి. గాలి లోపలికి పోదు. అతను వాకిట్లో పీట వేసుకుని, మెత్తటి బ్రష్షుతో, పై నుంచి కిందికి, రేకు వంగకుండా, చంటిపిల్ల తల దువ్వినట్టు దువ్వేవాడు. తరవాత పైపులు. రబ్బరు పైపుల్ని రెండు వేళ్ళతో నొక్కి చూసేవాడు, మనం బజారులో బెండకాయ లేతదో ముదురుదో చూసినట్టు. మెత్తబడిపోయినా మార్చేసేవాడు, గట్టిపడి పగుళ్ళిచ్చినా మార్చేసేవాడు. ఫ్యాను బెల్టు బిగువు బొటనవేలితో చూసేవాడు. పాత నీళ్ళు దింపేసి ఆకుపచ్చటి కూలెంటు కొత్తది పోసేవాడు. నేను వెళ్ళి, "బోరు నీళ్ళు పొయ్యక ఈ రంగు నీళ్ళెందుకయ్యా?" అని ఎగతాళి చేసేదాన్ని. "బోరు నీళ్ళకి మన టీ గిన్నె అడుగున తెల్లగా కడతాది సూడొదినా, అదే లోపల గొట్టాలకి కట్టిందంటే నీళ్ళు తిరగవు" అనేవాడు. రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూడకుండా బండి తీసేవాడు కాదు. వేడి మీద మాత్రం ఎవరొచ్చి చెప్పినా ఆ మూత ముట్టనిచ్చేవాడు కాదు.

నాకు కారు నేర్పింది కూడా అతనే. మా ఆయనకి చెప్పకుండా, దేవరాపల్లి రోడ్డు మీద, పొద్దుటిపూట. క్లచ్చు వదలడం రాక నేను బండిని కప్పలా గెంతిస్తుంటే నవ్వు ఆపుకునేవాడు. ఒక్కసారి కూడా కసురుకోలేదు. లైసెన్సు వచ్చిన రోజున నాకంటే అతనే ఎక్కువ సంబరపడ్డాడు. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు, మా ఒదిన డ్రైవింగంటే డ్రైవింగే అని. నాకు నిజంగానే కొమ్ములొచ్చాయి.

ఆ సంవత్సరం ఎండలు మరీ దారుణంగా ఉన్నాయి. రమణ వాళ్ళావిడ పుట్టిల్లు చీడికాడ. అక్కడేదో శుభకార్యం ఉందని బస్సులో బయల్దేరుతూ, మా గుమ్మంలో ఆగి తాళం నా చేతికిచ్చాడు. రేడియేటర్ కింద సన్నగా కారుతోందనీ, రేపు సాయంత్రం వచ్చి దానికి అతుకు పెట్టిస్తాననీ, అందాకా బండి కదపొద్దనీ చెప్పాడు. విన్నాను. సరేనన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ తాళం తీసుకుని మా పుట్టింటికి బయల్దేరాను.

ఎందుకు వెళ్ళానో అడగండి. పెద్ద కారణం ఉంటే నాకూ బాగుండేది. ఎవరికో ఒంట్లో బాగాలేదనో, అర్జంటు పని పడిందనో చెప్పుకునేదాన్ని. ఏమీ లేదు. మాది బుచ్చయ్యపేట దగ్గర ఊరు. మా వాళ్ళ ముందు కారు దిగాలనిపించింది. సొంతంగా నడుపుకుంటూ వచ్చి, తలుపు తోసుకుని దిగాలనిపించింది, అంతే. ఇప్పుడు ఇది చెప్తుంటే కూడా సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

దిగాను. అమ్మ ఆశ్చర్యపోయింది. ఇరుగుపొరుగు వచ్చారు. మజ్జిగ తాగి బయటికి వచ్చేసరికి బండి కింద మట్టి తడిసి మడుగు కట్టింది. రమణకి తెలిస్తే? మా ఆయనకి తెలిస్తే? "నీకెందుకే ఈ వేషాలు" అంటారు. ఆ ఒక్క మాట పడడం నాకు ఇష్టం లేదు. ఎవరికీ ఫోను చెయ్యలేదు. చెయ్యొచ్చు. ఫోను చేతిలోనే ఉంది. మరి ఎందుకు చెయ్యలేదు? తెలిసినదాన్ని కదా నేను.

మా నాన్న బతికున్న రోజుల్లో మాకో పాత జీపు ఉండేది. దాని రేడియేటర్ కారితే నాన్న లోపల పసుపు పోసేవాడు. మా వైపు జీపులు నడిపినవాళ్ళు చాలామంది అదే చేసేవారు. పసుపు ఉబ్బి చిల్లు మూసుకుపోతుంది, కారడం ఆగుతుంది. ఏదో ఇంటికి చేరేదాకా, చిటికెడు, మెత్తటిది. ఆ "చిటికెడు" నాకు గుర్తు లేదు. నాన్న పసుపు పోసేవాడన్నదే గుర్తుంది. ఇంజను చల్లారేదాకా ఆగాను, అది మాత్రం రమణ నేర్పినట్టే చేశాను. తరవాత అమ్మ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చాను. మిల్లులో పట్టించింది కాదది, అమ్మ రోట్లో దంచుకున్నది, రవ్వరవ్వగా ఉంటుంది. ఒక గుప్పెడు పోశాను. చాలదేమోనని ఇంకో గుప్పెడు. పైన నూతి నీళ్ళు నిండా పోసి మూత బిగించాను. కాసేపటికి కారడం ఆగిపోయింది. నిజంగా ఆగిపోయింది! నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. చోడవరం వచ్చేదాకా టెంపరేచర్ ముల్లు చూస్తూనే ఉన్నాను, కదల్లేదు. ఊరు దగ్గరే కదా, లోపల ఏమవుతోందో బయటికి తెలిసేంత దూరం కాదు. ఇంటికొచ్చి బానెట్టు మీద పడిన పసుపు మరకలు తడిగుడ్డతో తుడిచేశాను. అక్కడే నాకు తెలిసి ఉండాలి. మంచిపని చేసినవాళ్ళెవరూ మరకలు తుడుచుకోరు.

సాయంత్రం రమణ వచ్చాడు. వంగి బండి కింద చూశాడు. పొడిగా ఉంది. మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

"ఒదినా, కారడం ఆగిపోయిందే! అన్నియ్య గానీ మెకానిక్కుకి సూపించేడా ఏటి?" అని అడిగాడు.

నేను మిషను మీద కుడుతున్నాను. తల ఎత్తలేదు. "ఏమో, సూపించేరేమో" అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే. పసుపు పోయడం తెలివితక్కువతనం, దాన్ని నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఈ రెండు మాటల్ని మాత్రం క్షమించుకోలేకపోయాను. వాటిలో అబద్ధం కూడా సరిగ్గా లేదు చూడండి, "ఏమో" ఉంది, "ఏమో"కి తోడు ఇంకో "ఏమో" ఉంది. తరవాత ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి దారి ఉంచుకునే అన్నాను. అంత కంగారులోనూ ఆ లెక్క నా బుర్రలో ఉందంటే, నేనెలాంటిదాన్ని?

రమణ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడు తెల్లవారే కిరాయి ఉంది. కంటి ఆపరేషనుకి ఒక ముసలావిడని, ఆవిడ కొడుకునీ విశాఖపట్నం తీసుకెళ్ళాలి. అన్నయ్య చూపించాడు, మెకానిక్కు చూశాడు అనుకుని, ఆ ఒక్క పొద్దున అతను మూత తీసి లోపలికి తొంగి చూడలేదు. పక్కనున్న డబ్బాలో నీళ్ళ మట్టం చూసి బయల్దేరిపోయాడు. తీసి ఉంటే పచ్చగా కనపడేది. తియ్యకపోవడానికి కారణం నేను.

వాళ్ళు ముందు దారిలో ఎవరో చుట్టాల్ని ఎక్కించుకోవడానికి ఆగారట. ఎండెక్కింది. బండి నిండా జనం, ఏసీ. సబ్బవరం దాటాక ముల్లు ఒక్కసారిగా పైకి లేచిందట. ఏసీ ఆపేశాడు. నీడ చూసి ఆపుదామనుకుంటే దగ్గర్లో చెట్టు లేదు. ముసలావిడని ఎండలో దించలేక, కాస్త ముందుకి, ఇంకాస్త ముందుకి అని పోనిచ్చాడు. ఆ కాస్తలోనే ఇంజను పట్టేసి బండి నిలిచిపోయింది. చివరికి ఎండలోనే దిగాల్సి వచ్చింది. ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరో ఆటో ఆపి నీళ్ళు చల్లి తీసుకెళ్ళారు. ఆవిడకేమీ కాలేదు, తరవాత ఆపరేషను కూడా బాగానే జరిగింది. ఆ ఒక్క సంగతికి ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి మెయిన్‌రోడ్డు మీద షెడ్డులో పెట్టారు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో? బయటపడుతుందేమో చూసుకోవడానికే అయ్యుంటుంది. మెకానిక్కు కింద పైపు ఊడదీశాడు. చిక్కటి పచ్చటి బురద బొటబొటా కారి నేల మీద పడింది. ఆ వేడికి ఉడికిన పసుపు వాసన షెడ్డంతా నిండిపోయింది. మా అమ్మ పసుపు వాసన నాకు తెలీదా?

"ఏటి రమణా, ఇది రేడియేటరా, పప్పుసారా?" అన్నాడు మెకానిక్కు. "గొట్టాలన్నీ పూడిపోనాయి. ఎవులు పోసేరింత?"

చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

"ఏటిరా ఇది?" అన్నారు తమ్ముణ్ణి.

"నాను పొయ్యలేదన్నియ్యా."

"మరి ఎవులు పోసేరు? బండి నీ సేతిలో ఉంటే, ఆకాశంనుంచి పడిందా?"

రమణ అన్నగారి ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. మా ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. "నన్నేటి సూస్తావు? సేసింది ఒప్పుకోవాల. అబద్ధాలెప్పుడు నేర్సుకున్నావు?"

రమణ నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. "ఒదినా, నిన్న సాయంత్రం..." అన్నాడు. అతన్ని పూర్తి చెయ్యనివ్వలేదు నేను.

"ఆడదాన్ని, నాకేటి తెలుస్తాది బాబూ బండ్ల సంగతి?" అన్నాను.

అతను నోరు మూసుకున్నాడు. నాకు క్లచ్చు నేర్పిన మనిషి. వీధంతా నా డ్రైవింగు గురించి చెప్పుకున్న మనిషి. అలా మూసుకున్న నోరు మళ్ళీ ఆ విషయంలో తెరవలేదు.

ఎందుకు తెరవలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. అనుమానం నా మీదే వచ్చిందేమో, వదినని నలుగురిలో నిలబెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడేమో అని భయపడుతూ బతికాను. ఎంత మూర్ఖురాలినో చూడండి, అక్కడ కూడా నా గురించే ఆలోచించాను.

తరవాత ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను, పెంచి చెప్పే ధైర్యం నాకు లేదు. బండిని ఎలా ఉన్నదలా అమ్మేశారు. రమణ బండి ఎక్కితే దారిలో ఎండబెడతాడని ఊళ్ళో పాకిపోయింది. వేరే వాళ్ళ కార్లు నడుపుతానన్నా ఎవరూ తాళం ఇవ్వలేదు. పైగా పేరొకటి పెట్టారు. పసుపు రమణ. ఆ పేరు నేను మొదటిసారి విన్నది నా షాపులోనే. జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అవును, నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రమణ సిమెంటు కొట్లో పనికి కుదిరాడు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. అన్నదమ్ములు పోట్లాడుకోలేదు, అలా పోట్లాడుకున్నా బాగుండేది. ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నాను". పండక్కి పక్కపక్క విస్తళ్ళలో కూర్చుని చెరో వైపు చూస్తూ తినేవారు. మా ఆయన మాత్రం అప్పుడప్పుడూ అనేవారు: "పోతే పోయింది బండి. అబద్ధమాడేడే, అదే నాకు బాధ." నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని.

చెప్పాలని ఎన్నిసార్లు అనుకోలేదు? ప్రతి వేసవిలోనూ అనుకున్నాను. ఆలస్యమయ్యేకొద్దీ, ఇప్పుడు చెప్తే "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంటారని ఇంకా ఆలస్యం చేశాను. మేము తరవాత కొన్న కారుని మాత్రం నేను రమణ లాగే చూసుకున్నాను. ఉగాది వెళ్ళగానే రేకులు దువ్వేదాన్ని, పైపులు నొక్కి చూసేదాన్ని, పొద్దున్నే చల్లటి ఇంజను మీద మూత తీసేదాన్ని. అదేదో ప్రాయశ్చిత్తం అన్నట్టు. ఎవరికి ఉపయోగం?

ఈ వేసవిలో రమణ కూతురు లావణ్య కారు నేర్చుకుంటానంది. డిగ్రీ అయిపోయింది, చురుకైన గుంట, నోరు కూడా నా లాంటిదే. వాళ్ళ నాన్న నేర్పనన్నాడు. "పెద్దమ్మా, నువ్వే దిక్కు" అని నా దగ్గరికి వచ్చింది. కాదనలేకపోయాను. అదే దేవరాపల్లి రోడ్డు. ఒక రోజు ఆలస్యంగా బయల్దేరాం, తిరిగొస్తుంటే ఎండ మండిపోతోంది. ఇసుక ట్రాక్టరు వెనకాల చాలాసేపు దుమ్ములో నడిపింది. ముల్లు మెల్లగా పైకి లేవడం నా కంట పడింది. ఏసీ ఆపమన్నాను, అద్దాలు దించి హీటరు పెట్టమన్నాను. ఈ ఎండలో హీటరేంటని అది నోరెళ్ళబెట్టింది. ఇంజనులో వేడి కొంత ఇటు లాగేస్తుందని చెప్పి, చింతచెట్టు నీడన ఆపించాను. బానెట్టు ఎత్తి, మూత ముట్టుకోకుండా నిలబడ్డాం. రేడియేటర్ ముందు ప్లాస్టిక్ సంచి ఒకటి అతుక్కుపోయి ఉంది. తీసేశాను. అడుగున పైపు దగ్గర చిన్న చెమ్మ కూడా ఉంది.

లావణ్య వంగి ఆ చెమ్మ చూసి నవ్వింది. "ఇంటికెళ్ళి కొంచెం పసుపు పోసేద్దాం పెద్దమ్మా. మా నాన్న ట్రిక్కే కదా! కాలేజీలో నన్ను పసుపు రమణ కూతురనేవోరు."

ఎంత తేలిగ్గా అందో! దానికి అదో జోకు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్న పేరు, దానికది నొప్పి కూడా కాదు, ఇంటిపేరులాగా అయిపోయింది. తండ్రి అబద్ధమాడాడని అదీ నమ్ముతోంది. నమ్ముతూనే ప్రేమిస్తోంది. ఆ చెట్టు కింద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని పాపం నాకు నీళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. రమణ కొట్టుకి వెళ్ళేముందు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. జుట్టు నెరిసిపోయింది. అన్నీ కూడబలుక్కుని వెళ్ళాను, కానీ నిలబడగానే అన్నీ మర్చిపోయాను.

"రమణా, ఆ పసుపు నాను పోసేను" అన్నాను.

ఏ పసుపు అని అతను అడగలేదు. గ్లాసు కింద పెట్టాడు. నా ముఖం కాదు, వీధిలో మా ఇంటి వైపు చూశాడు.

"అన్నియ్య కాదా?" అన్నాడు.

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. షెడ్డులో అతను అన్నగారి ముఖంలోకి ఎందుకలా చూశాడో, నోరెందుకు మూసుకున్నాడో. నా "సూపించేరేమో" అతని చెవిలో అప్పట్నుంచీ ఉంది. అన్నయ్యే ఎవరిచేతో పసుపు పోయించి, నలుగురి ముందు తప్పు తమ్ముడి మీదకి తోసేశాడనుకున్నాడు. పెద్దవాణ్ణి బజారులో నిలబెట్టలేక మింగేశాడు. నేను ఒక్కడి పేరు పాడుచేశాననుకున్నాను. ఇద్దర్నీ ఒకరికొకరు లేకుండా చేశానని ఆ నిమిషంలో తెలిసింది.

"కాదు. మీ అన్నియ్యకి ఇప్పటికీ తెలీదు. ఆ రోజు నీతో అబద్ధం సెప్పేను" అన్నాను. అంతా చెప్పాను. పుట్టింటికి వెళ్ళింది, రెండు గుప్పెళ్ళూ, తుడిచిన మరకలూ, షాపులో నవ్విన నవ్వూ. లావణ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆపలేదు, దానికి కూడా వినిపించేలాగే చెప్పాను.

రమణ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళూ అన్నియ్య ముకం సూళ్ళేక సచ్చిపోయేనొదినా" అన్నాడు. కాసేపటికి, "నీ మీద కోపం పోద్దో పోదో నాకు తెల్దు. ఆ సంగతి ఇప్పుడు ఒగ్గీ. అన్నియ్య ఇంట్లో ఉన్నాడా?" అన్నాడు.

ముందు అతను, వెనకాల నేను, నా వెనక లావణ్య. మా ఆయన కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. తమ్ముడు గేటు తీసుకుని లోపలికి రావడం చూసి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది. ఆయన విని, "నువ్వా?" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను ఎంతకాలం నిద్రపోనివ్వదో నాకే తెలీదు.

"మరి నన్నెందుకురా అలా సూసేవారోజు?" అన్నారు తమ్ముడితో.

"నువ్వే అనుకున్నానన్నియ్యా."

"నాను నిన్ననుకున్నాన్రా."

ఇద్దరూ నవ్వలేదు, ఏడవలేదు. మా ఆయన చేతిలో చెంబు వంగి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి, ఆయనకది తెలియడం లేదు. రమణే వెళ్ళి ఆ చెంబు తీసుకున్నాడు.

ఆ తరవాత ఎవరో నన్ను క్షమించారని చెప్పడానికి లేదు. మా ఆయన అవసరమైతేనే మాట్లాడుతున్నారు. లావణ్య నా దగ్గరికి వస్తుంది గానీ మునుపటిలా మీద పడి నవ్వదు. ఒక రోజు సూటిగా అడిగింది: "పెద్దమ్మా, ఊళ్ళో వాళ్ళకి ఎవరు చెప్తారు?" నేనే చెప్తానన్నాను. షాపుకి వచ్చే ఆడవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాను. కొలతలు తీసుకుంటూ, టేపు మెడలో వేసుకుని, ఆ పసుపు పోసింది నేనే అని. కొందరు నోరు నొక్కుకుంటారు. కొందరు ఇంకో షాపుకి పోతున్నారు. పోనీ. ఏ నోటితో ఆ పేరుకి నవ్వానో ఆ నోటితోనే తీసెయ్యాలి కదా. ఊరి నోట్లోంచి ఒక పేరు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. ఇదిగో, "తెలీదు" అనడం ఇప్పుడు నిజంగానే అలవాటవుతోంది.

మొన్న ఆదివారం పొద్దున్నే రమణ వచ్చాడు. నన్ను పలకరించలేదు. మా కారు బానెట్టు ఎత్తి, మూత మీద అరచెయ్యి వేసి చల్లగా ఉందని చూసుకుని, అప్పుడు తీశాడు. లోపలికి తొంగి చూశాడు. చెమ్మ ఉన్న పైపు తీసి కొత్తది వేశాడు, దాని బిగింపు క్లిప్పు కూతురి చేతే తిప్పించాడు. మా ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని, బ్రష్షు అందిస్తూ, అక్కర్లేని సలహాలు చెప్తూ ఉన్నారు. "నీకేటి తెలుసన్నియ్యా, ఊరుకో" అని రమణ విసుక్కున్నాడు. ఆ విసుగు విని నేను వంటింట్లో ఏడ్చాను. ఎన్నేళ్ళయిందో మా ఇంట్లో ఎవరూ ఎవరి మీదా అలా విసుక్కుని!

పని అయ్యాక లావణ్య స్టీరింగు దగ్గర కూర్చోబోయింది. రమణ ఒక్క నిమిషం నిలబడ్డాడు. తరవాత కూతుర్ని పక్క సీట్లోకి జరగమని, తనే ఎక్కాడు. మా ఆయన వెనకాల కూర్చున్నారు. కాసేపు దేవరాపల్లి వైపు తిరిగొస్తామన్నారు. నన్ను రమ్మనలేదు. నేను అడగలేదు. మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూశాను. ఎంత మెత్తగా నడుపుతున్నాడో, నిన్ననే దిగినవాడిలా.

లోపలికి వచ్చి నలుగురికీ సరిపడా పప్పు పెట్టాను. పసుపు డబ్బా మూత తీశాను. చేయి ఆగింది. ఇంకా ఆగుతుంది, ఆగుతూనే ఉంటుందేమో. కానీ ఎందుకు ఆగుతుందో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు.